ట్రయల్ పేపర్ రాసేవాళ్ళు వినకూడని సలహాలు

థీసిస్‌ని జర్నల్‌కు పంపబోయే పీజీ విద్యార్థికి అందరూ సలహాలిస్తారు. ఇచ్చేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు, పేపర్ త్వరగా బయటికి రావాలనే వాళ్ళ తాపత్రయం. అయినా ఈ నాలుగూ వినొద్దు.

"రాండమైజ్ చేశామని ఒక్క ముక్క రాస్తే చాలు." చాలదు. ఎవరికి ఏ మందో తేల్చే చీటీల వరుస ఎవరు తయారుచేశారు, వాటి కవర్లు ఎవరి దగ్గరున్నాయి, రోగిని చేర్చుకునే డాక్టరుకు తర్వాతి చీటీ ఏమిటో తెలిసే వీలుందా, ఇవన్నీ రాయాలి. కవరును లైటుకు ఎదురుగా పట్టుకుని లోపలి చీటీ చదివేసిన వైనాలను కెన్నెత్ షుల్జ్ 1995లోనే రాశారు. చీటీ ముందే తెలిస్తే తేరుకునేలా ఉన్న రోగి కొత్త మందు వైపుకి, నీరసించినవాడు పాత మందు వైపుకి పోతారు. అప్పుడు తేడా మందుదో మనిషిదో ఎవరూ తేల్చలేరు. స్పెయిన్‌లో 7,447 మందితో చేసిన ప్రెడిమెడ్ ఆహార ట్రయల్ 2013లో పెద్ద జర్నల్లో వచ్చింది. ఒకే ఇంట్లో రెండోవాళ్ళను చీటీ లేకుండానే మొదటివాళ్ళ గ్రూపులో వేశారనీ, ఒకచోట క్లినిక్కులకు క్లినిక్కులే ఒక గ్రూపులోకి వెళ్ళాయనీ తర్వాత బయటపడింది. 2018లో ఆ పేపర్‌ను వెనక్కి తీసుకుని, లెక్కలు మళ్ళీ కట్టి ప్రచురించారు. పొరపాటు ఎక్కడైనా జరుగుతుంది. అది ఐదేళ్ళపాటు పేపర్లో కనబడకపోవడమే నాకు మింగుడుపడదు.

"అనుకున్న రిజల్ట్ రాకపోతే, వచ్చినదాన్నే మెయిన్ చేసెయ్." అన్నిటికన్నా ప్రమాదకరమైన సలహా ఇదే. టీనేజ్ పిల్లల డిప్రెషన్‌కు పరాక్సెటిన్ ఇచ్చి చూసిన 'స్టడీ 329'లో, ప్రోటోకాల్‌లో ముందే రాసుకున్న కొలతల్లో ఒక్కదానిలోనూ మందుకీ ప్లాసిబోకీ తేడా రాలేదు. 2001లో వచ్చిన పేపర్ మాత్రం తర్వాత చేర్చిన కొలతల్ని ముందుకు తెచ్చి, మందు పనిచేస్తోందని చెప్పింది. 2015లో వేరే బృందం అదే డేటా తిరగేస్తే, మందు పనిచేయలేదు సరికదా, ఆత్మహత్య ఆలోచనల్లాంటి హాని పెరిగిందని తేలింది. ఆ మాత్రలు మింగింది పిల్లలు. అందుకే మొదటి రోగిని చేర్చుకోకముందే భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ (సీటీఆర్ఐ)లో నమోదు చేసిన కొలతనే పేపర్లోనూ ముందు పెట్టండి. మార్చాల్సి వస్తే ఎప్పుడు, ఎందుకు మార్చారో రాయండి.

"సబ్‌గ్రూపులు తిరగేస్తే ఏదో ఒకటి దొరుకుతుంది." దొరుకుతుంది, చిక్కంతా అదే. గుండెపోటు వచ్చిన 17,187 మందితో చేసిన ఐసిస్-2 ట్రయల్ (1988) ఆస్ప్రిన్ ప్రాణాలు నిలబెడుతుందని తేల్చింది. సబ్‌గ్రూపుల్ని ఎంతవరకు నమ్మవచ్చో చూపడానికి, పరిశోధకులు పుట్టిన రాశులవారీగా కూడా లెక్కకట్టారు. మిథున, తులా రాశులవాళ్ళకు మేలు కనబడలేదు! రాశి చూసి ఆస్ప్రిన్ ఆపే డాక్టరు ఉండడు. వయసునో షుగరునో చూసి తర్వాత ఏరుకున్న సబ్‌గ్రూపునైతే ఇట్టే నమ్మేస్తాం.

"మధ్యలో మానేసినవాళ్ళ గోల ఎందుకు?" ఒళ్ళంతా దద్దుర్లొచ్చి మానేసినామె, బస్సు చార్జీల్లేక రానామె ఇద్దరూ 'ఫాలోఅప్‌కు రాలేదు' అనే ఒకే గడిలో పడితే, మందు చేసిన హాని అక్కడే మాయమైపోతుంది. ఎంతమంది చేరారు, ఎంతమంది ఎందుకు తప్పుకున్నారు, చివరి లెక్కలో ఎందరున్నారని అడిగే బొమ్మ, ట్రయల్ పేపర్లో ఏమేం రాయాలో చెప్పే కన్సార్ట్ మార్గదర్శకాల్లో 1996 నుంచే ఉంది. 2025లో వాటిని 30 అంశాలతో సవరించారు. పేపర్ అయ్యాక టిక్కులు పెట్టడానికి కాదు, ప్రోటోకాల్ రాసే రోజునే ఆ జాబితా తెరవండి. దద్దుర్ల సంగతి తెలిసిన రోజే ట్రయల్ రిజిస్టర్లో ఎక్కించండి. ఏడాది తర్వాత ఫోన్ చేస్తే ఆమె నంబరు మారిపోయి ఉండొచ్చు.