ఆకు బొమ్మ తిండి

నిజామాబాద్‌లో లవ్ బర్డ్స్ పేరుతో బడ్జీలు పెంచే ఇళ్లలో కొత్త భక్తి పుట్టింది. పిట్టకు వేసే గింజ ఆర్గానిక్ అయి తీరాలట. ఇంటాయన పొద్దున్నే నల్లబడ్డ నూనెలో వేగిన బజ్జీలు లాగిస్తాడు. ఆయనగారి 30 గ్రాముల పిట్టకు మాత్రం రసాయనం సోకరాదు.

ప్యాకెట్ కొరియర్‌లో దిగుతుంది. పైన ఆకు బొమ్మ, లోపల కొర్రలు. అవే కొర్రలు గంజ్ మార్కెట్‌లో అడిగితే పావుకిలో పొట్లం కట్టిస్తారు. కానీ పొట్లానికి ఆకు బొమ్మ ఉండదుగా!

ఆకు ఎవరైనా గీస్తారు. సేంద్రియమని జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం (ఎన్‌పీఓపీ) ధ్రువీకరణ రావాలంటే గింజ పండే చేను మామూలుగా రెండేళ్లు మార్పిడి దశలో గడపాలి. జైవిక్ భారత్ ముద్రా, అది మనుషుల తిండికి. 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టం దాణాను ఆహారం లెక్కలోనే వేయలేదు. మరి ఈ ఆకు ఏ చెట్టుదయ్యా అంటే, షాపాయన 'ఇంపోర్టెడ్ సార్' అంటాడు.

ఇదే జిల్లాలో ఆర్మూర్ వైపు జొన్న కంకి పాలు పోసుకుందంటే రైతు మంచె ఎక్కి, వడిసెల తిప్పి, డబ్బాలు కొట్టి పిట్టల్ని తరుముతాడు. అక్కడ తినొద్దని కేకలు, ఇక్కడ తినమ్మా తల్లీ అని బతిమాలడం.

మందు తగలని గింజైనా గింజే. వట్టి గింజలతో బతికే బడ్జీకి విటమిన్ ఏ చాలదు, కాల్షియం చాలదు, అయోడిన్ లేక థైరాయిడ్ ఉబ్బుతుంది, కదలక మెక్కితే కాలేయానికి కొవ్వు పడుతుంది. తోటకూరో మునగాకో కడిగి ఓ రెమ్మ గుచ్చితే సగం లోటు తీరుతుంది. కానీ తోటకూర ఫొటో స్టేటస్ పెడితే ఎవరు చూస్తారు?

ఇక తేనె పూసిన గింజల కడ్డీ. 1937లో పుట్టి, ఆసియాలోనే పెద్దదనిపించుకున్న బోధన్ నిజాం షుగర్ ఫ్యాక్టరీకి 2015 డిసెంబర్‌లో తాళం పడింది. ఆ ఫ్యాక్టరీ ఉన్న శక్కర్‌నగర్‌లో కరువైన తీపి పంజరాల్లో వేలాడుతోంది, 'ఎనర్జీ స్టిక్' పేరుతో. ఎగరని పిట్టకు ఎనర్జీ దేనికో!

ఈ భక్తుల్లో కొందరింట రామచిలుక కూడా ఉంటుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పంజరంలో పెట్టడమే నేరం. అయితేనేం, దానికి పెట్టే జామకాయ మందు కొట్టనిది. అటవీశాఖ వాళ్లు తలుపు తట్టిన రోజున ఆ కాయ సర్టిఫికెట్ చూపిస్తారు కాబోలు.