ఈశాన్యం చూశారు సరే, ఎఫ్‌టీఎల్ చూశారా?

హైదరాబాదు పడమటి దారుల్లో నార్సింగి దాటినా, తెల్లాపూర్ దాటినా, మోకిలా దాకా పోయినా హోర్డింగులన్నీ ఒకే పాట పాడతాయి: నగరానికి దూరంగా, నగరానికి అతి చేరువలో! దూరంగా ఉన్నది చేరువలో ఎలా ఉంటుందని అడిగే పాపాత్ముడు ఇంతవరకు పుట్టలేదు. బొమ్మలో ఒక ఈతకొలను, నాలుగు ఖర్జూరపు చెట్లు, కుక్కపిల్లతో పరుగెత్తే ఒక దొరల కుటుంబం. తెలుగువాడు తెలుగువాడికి అమ్మే ఇంట్లో తెలుగు మొహం ఒక్కటీ కనబడదు. ప్రాజెక్టు పేరు ఇటలీదో స్పెయిన్‌దో అయి ఉంటుంది. పాతిక లక్షలు కట్టాక కూడా దాన్ని సరిగ్గా పలకలేక, ఆటోవాడికి "ఆ పెట్రోలు బంకు వెనక" అని చెప్పుకోవాలి.

శివారులో ఇల్లు కొనుక్కుని కాస్త గాలి, కాస్త వెలుతురు, పిల్లలు ఆడుకోవడానికి కాస్త జాగా కావాలనుకోవడంలో తప్పేమీ లేదు. ఏటేటా అద్దె పెంచే ఓనరు, నీళ్ల మోటారు దగ్గర కాపలా కాసే ఓనరమ్మ, ఇంటికి చుట్టాలొస్తే లెక్కపెట్టే ఓనరు తల్లి, ఈ ముగ్గురి నుంచి విముక్తి ఎవరు కోరుకోరు? నా తగాదా ఆ కోరికతో కాదు. కొనేముందు మనం పెట్టే పరీక్షతో. ఎవరికీ తేలనివన్నీ తరచి తరచి అడుగుతాం. ఒక్క పూటలో తేలిపోయేవి మాత్రం దేవుడి మీద భారం వేస్తాం.

ఆదివారం సైట్ విజిట్ చూస్తే సంగతి బోధపడుతుంది. కంపెనీ కారు గుమ్మం ముందుకొస్తుంది. అందులో భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, అత్తగారు, వీడియో కాల్‌లో బావమరిది. మోడల్ ఫ్లాటులో ఏసీ హోరుమంటుంటుంది, చేతికి బాదంపాలు వస్తాయి. గదులు ఎంత విశాలమో! ఎందుకు ఉండవు? చాలా మోడల్ ఫ్లాట్లలో లోపలి తలుపులు బిగించరు. ఒక గోడంతా అద్దం. మంచం మీద కాళ్లు బార్లా చాపుకుంటే మడమలు గాల్లో వేలాడతాయి. ఆ మంచం మీద పడుకుని చూసే కొనుగోలుదారుణ్ని నేనింతవరకు ఎరగను. అత్తగారు మాత్రం ఫోన్లో దిక్సూచి తెరిచి ఇంటర్వ్యూ మొదలుపెడతారు.

"వంటిల్లు ఆగ్నేయమేనా బాబూ?"

"పక్కా ఆగ్నేయం అమ్మా."

"బాత్రూం ఈశాన్యంలో పడలేదు కదా?"

"అపచారం! మా ఛైర్మన్‌గారు సిద్ధాంతిగారిని అడక్కుండా ఇటుక కూడా కదపరమ్మా. మొత్తం టవరంతా హండ్రెడ్ పర్సెంట్ వాస్తు."

"మరి ఈస్ట్ ఫేసింగు?"

"ఒక్కటే మిగిలిందమ్మా. పొద్దున్నే ఒక డాక్టరుగారు చూసి వెళ్లారు. సాయంత్రం దాకా ఆపుతాను, మీ కోసం."

ఈస్ట్ ఫేసింగుకు అదనపు రేటు. ఆ రేటు కట్టి కొన్న తలుపు తూర్పుకే తెరుచుకుంటుంది, అందులో అబద్ధం లేదు. తెరవగానే ఎదురుగా సూర్యుడు మాత్రం ఉండడు, లిఫ్టు ఉంటుంది. బాల్కనీ పడమరకు తిరిగి ఉంటుంది కాబట్టి సూర్యుడు మధ్యాహ్నం అక్కడికొచ్చి సాయంత్రం దాకా తిష్ఠ వేస్తాడు. ఆ తరవాత కరెంటు బిల్లొస్తుంది. దానికి వాస్తుదోషం అంటదు.

అల్లుడుగారు చదువుకున్నవాడు, ఆయనకు వాస్తు మీద నమ్మకం లేదు. అందుకని క్లబ్‌హౌసు ఎన్ని వేల అడుగులని అడుగుతాడు. పిల్లలు కొలనులో జారుడుబల్ల ఉందా అంటారు. వీడియోలోంచి బావమరిది "రీసేల్ ఎలా ఉంటుంది?" అంటాడు. ఇల్లింకా కొనలేదు, అప్పుడే అమ్మకం గురించి ఆరా! రెరా నంబరెంత, కార్పెట్ ఏరియా ఎంత, నేలలో మా వాటా ఎన్ని గజాలు, నీళ్లు ఎక్కణ్నుంచి వస్తాయి, పక్కనున్న చెరువుకు ఎఫ్‌టీఎల్ గీత ఎక్కడ? ఈ అయిదింటిలో ఒక్కటి ఎవరైనా అడిగి ఉంటే ఫ్లాటు చూపించే కుర్రాడికి బాదంపాలు పొలమారేవి. పావుకిలో బెండకాయలకు ఒక్కొక్కటీ కొస విరిచి చూసే జాతి మనది. కోటిన్నర పెట్టి కొనే ఇంటికి కొస ఎక్కడుందో వెతకం.

ముందు నిమిషాల సంగతి. ఈ వ్యాపారంలో దూరాన్ని కిలోమీటర్లలో చెప్పడం మర్యాద కాదు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్టుకు 15 నిమిషాలు, విమానాశ్రయానికి 25 నిమిషాలు అనాలి. ఏ వారం, ఏ వేళ, ఏ వాహనమో చెప్పకూడదు. అవుటర్ రింగురోడ్డు 158 కిలోమీటర్ల పొడవునా ఉన్నమాట నిజమే, దాని మీద గంటకు 120 కిలోమీటర్ల వేగానికి అనుమతి ఉన్నమాటా నిజమే. కాకపోతే మనం అవుటర్ మీద కాపురముండం, మన ఆఫీసూ అవుటర్ మీద ఉండదు. ఎక్కడానికి అరగంట, దిగాక గచ్చిబౌలిలోనో నానక్‌రామ్‌గూడలోనో ముప్పావుగంట. నడుమ ఉన్న ఆ 15 నిమిషాలే బ్రోచరువి. పరీక్ష కష్టమేం కాదు. సోమవారం పొద్దున తొమ్మిదింటికి మీ బండి మీద ఒకసారి వెళ్లి రావడమే. కానీ మనం ఆదివారం కంపెనీ కారులో వెళతాం.

ఇక అడుగులు. సూపర్ బిల్టప్ ఏరియా అనేది మన కాలపు మాయాబజారు. అందులో మీ గదులే కాదు, వరండా, మెట్లు, లిఫ్టు గుంత, వాచ్‌మన్ కుర్చీ వేసుకునే చోటు కూడా మీ ఇంట్లో భాగమే. 2,000 అడుగులని కొన్నది లోపల టేపు పెట్టి కొలిస్తే 1,400 దగ్గర ఆగిపోతే ఆశ్చర్యపోనక్కర్లేదు. అడుగు 8,000 రూపాయల లెక్కన ఆ తేడా 600 అడుగులకు 48 లక్షలు. 48 లక్షలు పోసి కొన్న వరండాలో చెప్పుల స్టాండు పెడితే మాత్రం అసోసియేషన్ నోటీసు ఇస్తుంది. 2016 నాటి రెరా చట్టం కార్పెట్ ఏరియా అంటే ఏమిటో నిర్వచించి, ఆ లెక్క కొనేవాడికి చెప్పి తీరాలంది. చట్టం చెప్పమంది, వాళ్లు ఓ మూల సన్నటి అక్షరాల్లో చెప్పారు. మనం పెద్ద అక్షరాలే చదివాం.

నేల సంగతి ఇంకా రసవత్తరం. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం 100.75 కోట్లు పలికింది. ఆ వార్త చదివి అక్కడ ఫ్లాటున్న ప్రతివాడూ ఆ రాత్రి జమీందారులా పడుకున్నాడు. ఎకరానికి 4,840 గజాలు. దాని మీద 150 ఫ్లాట్లు లేస్తే మనిషికి దక్కేది 32 గజాలు. అదీ ఫలానా చోట అని వేలు పెట్టి చూపించలేని, విడదీయలేని వాటా. 2006లో జీవో 86 వచ్చాక హైదరాబాదులో ఎకరానికి ఇంతే కట్టాలన్న ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి లేకుండా పోయింది. అంతస్తులు పెరిగేకొద్దీ ఆకాశం దగ్గరవుతుంది, కాళ్లకింద నేల తరుగుతుంది. ఇంతకంటే సొగసైనవి ఫామ్ ప్లాట్లు. గుంట అంటే 121 గజాలు. రెండు గుంటలు కొని, మామిడి మొక్క ఒకటి నాటి, వాట్సాప్ స్టేటస్‌లో తలపాగాతో ఫొటో పెట్టే రైతులు ఇప్పుడు శంకర్‌పల్లి దారిలో వరి కంకులకన్నా ఎక్కువ.

అన్నిటికన్నా ఖరీదైనది లేక్ వ్యూ. చెరువు కనబడితే రేటెక్కువ. చెరువుకు కూడా మనం కనబడుతున్నామేమో అన్న అనుమానం ఎవరికీ రాదు. చెరువు వేసవిలో చిన్నది, వానాకాలంలో పెద్దది. నిండినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో అదే ఎఫ్‌టీఎల్, పూర్తి నీటిమట్టం. అక్కణ్నుంచి మరికొంత మేర, ఇల్లు కట్టకూడని బఫర్. 25 ఎకరాలు, ఆపైన విస్తీర్ణమున్న చెరువైతే 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు. 2012 నాటి భవన నిబంధనల్లోనే ఇదంతా ఉంది. చెరువుల ఎఫ్‌టీఎల్ మ్యాపులను హెచ్‌ఎండీఏ తన వెబ్‌సైటులో పెట్టింది, పైసా ఖర్చు లేకుండా చూసుకోవచ్చు. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చింది. సెప్టెంబరులో మల్లంపేట కత్వ చెరువులో విల్లాల మీదికి బుల్డోజర్లు వెళ్లాయి. అప్పుడు ఊరంతా ఒక్కసారిగా ఎఫ్‌టీఎల్ పండితులైంది. పాలవాడు కూడా "మీది బఫరా సార్?" అని పలకరించాడు. ఆ వేడి నెలో రెండు నెలలో. మళ్లీ ఆదివారాలొచ్చాయి, అత్తగార్ల చేతిలో దిక్సూచులొచ్చాయి.

అనుమతిచ్చిన అధికారులదీ, అమ్మినవాళ్లదీ తప్పు కాదా అంటారు. కాకేం? ముందు వాళ్లదే. చెరువులో కట్టినవాడికి ఇల్లు ఇంకెక్కడో పదిలంగా ఉంటుంది, సంతకం పెట్టిన ఆఫీసరు పింఛను నెలనెలా అందుతుంది, కూలేది మాత్రం కొన్నవాడి గోడ. అప్పిచ్చిన బ్యాంకుకు గోడ కూలిందన్న సంగతి తెలియదు, ఈఎంఐ మాత్రం అయిదో తారీఖునే కోసుకుంటుంది. కాబట్టే చూసుకోవాల్సింది కొనేవాడు. ఆ చూసుకోవడానికే చట్టం కొన్ని ఆయుధాలిచ్చింది. రెరాలో నమోదు కానిదే ప్రాజెక్టును ప్రకటించకూడదు, అమ్మకూడదు. రిజిస్టరయిన అగ్రిమెంటు లేకుండా ధరలో పది శాతం మించి వసూలు చేయకూడదు. కొన్నవాళ్ల సొమ్ములో 70 శాతం ఆ ప్రాజెక్టు కోసమే విడిగా ఖాతాలో ఉంచాలి. ఇల్లప్పగించాక అయిదేళ్లలో కట్టుబడి లోపాలు బయటపడితే సొంత ఖర్చుతో బాగుచేయాలి. ఇన్ని కవచాలు తొడిగి పంపితే మనవాడు దారిలో అన్నీ విప్పేసి ప్రీలాంచ్ గుడారంలో దూరతాడు. నంబరు లేదు, అనుమతి లేదు, ఒక్కోచోట స్థలం కూడా లేదు. ఉన్నది ఒక్కటే, రేపటినుంచి రేటు పెరుగుతుందన్న వార్త. డబ్బంతా ఒకేసారి కడితే సగం ధరకే ఇస్తామంటే, సగం ధరకు ఎందుకిస్తున్నాడని కాక ఇంకో ఫ్లాటు కూడా తీసుకుందామా అని ఆలోచిస్తాడు.

ఇందులో డల్లాస్ తమ్ముళ్లది మరో ముచ్చట. అక్కడ ఇల్లు కొనేటప్పుడు ఇన్‌స్పెక్టరును పిలిచి పైకప్పు నుంచి పునాది దాకా తట్టించి, హక్కులకు ఇన్సూరెన్సు తీసుకుని గానీ సంతకం పెట్టరు. అదే తమ్ముడు ఇక్కడి ఫ్లాటుకు హోటల్ హాల్లో రోడ్‌షో చూసి, సమోసా తిని, ఫోన్లోనే బుక్ చేస్తాడు. లింకు డాక్యుమెంట్లు చూశావా అంటే "మనవాళ్లే అన్నా" అంటాడు. మనవాళ్లు కాబట్టే కదా ముందు మన దగ్గరికొచ్చింది!

సరే, అన్నీ దాటి గృహప్రవేశం అయిందనుకుందాం. జీవితానందం మొదలవుతుంది. తెల్లవారుజామున కోయిల కూస్తుందని బ్రోచరు చెప్పింది, కూసేది ట్యాంకరు. రివర్సులో పీంపీంమంటూ సంపు దాకా వస్తుంది. వాచ్‌మన్ నిద్రకళ్లతో రిజిస్టరులో బండి నంబరు రాసుకుంటాడు, నీళ్లెన్ని దిగాయో డ్రైవరు చెప్పిందే వేదం. నెలాఖరుకు ఆ వేదమంతా మెయింటెనెన్సులో కనబడుతుంది. బోర్లెందుకు ఎండాయని సర్వసభ్య సమావేశంలో ఒక పెద్దమనిషి లేచి అడిగితే, ఇంకుడుగుంతల మీద టైల్స్ వేసి బ్యాడ్మింటన్ కోర్టు కట్టాం కదా అని ఇంకో పెద్దమనిషి గుర్తుచేస్తాడు. చప్పట్లు మాత్రం కోర్టుకే.

కమ్యూనిటీ అంటే ఇరుగుపొరుగు అనుకునేరు. అది వాట్సాప్ గ్రూపు. పక్కింటాయన పేరు తెలియదు గానీ ఆయన కుక్క ఏ టవరు కింద ఏం చేసిందో ఫొటోతో సహా తెలుస్తుంది. పనమ్మాయి పెద్ద లిఫ్టు ఎక్కిందని నలభై మెసేజిలు. ఆ అమ్మాయి తండ్రి ఒకప్పుడు ఈ నేలలోనే జొన్న వేసిన రైతు అయినా అయ్యుండొచ్చు. ఇప్పుడామె గేటు దగ్గర సంచి విప్పి చూపించి, యాప్‌లో వేలిముద్ర వేసి లోపలికి రావాలి. ప్రకృతి ఒడిలో అన్న మాటలో ఎవరి ప్రకృతి, ఎవరి ఒడి అన్నది ఆ గేటు దగ్గర నిలబడితే తెలుస్తుంది.

ఇంత చెప్పాక కూడా కొనొద్దని నేననను. కొనండి. వాస్తు కూడా చూసుకోండి, మీ నమ్మకం మీది. సిద్ధాంతిగారికి అయిదువేల నూటపదహార్లు తాంబూలంలో పెట్టి, కాళ్లకు దణ్ణం పెట్టినవాళ్లు, డాక్యుమెంట్లు చూసే లాయరు దగ్గరికొచ్చేసరికి "రెండు కాయితాలకు అంతా?" అని బేరమాడకండి, అంతే. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అని సామెత. ఆ సామెత పుట్టేనాటికి వెబ్‌సైట్లు లేవు. ఇప్పుడు పల్లం ఎక్కడుందో హెచ్‌ఎండీఏ మ్యాపు ఎరుగు, నిజం ఎంతో రెరా పేజీ ఎరుగు, అమ్మేవాడు రెండూ ఎరుగు. ఎరగకుండా చెక్కు రాసేది మనమే.