'ఏం కాదు సార్': టీకా తాత్పర్య సహితం

అవతారిక: గుంటూరు వైపు నల్లరేగడిలో కట్టి మూడేళ్లయిన ఇల్లు. ఏప్రిల్‌లో ఈశాన్యం మూల పునాది బీములో పుట్టిన పగులు, ఇటుకల వెంట మెట్లుమెట్లుగా ఎక్కి కిటికీ మూలను అందుకుంది. రూపాయి బిళ్ల దూరుతోంది. మేస్త్రి గొంతుక్కూర్చుని, పగుల్లో మేకు పెట్టి కెలికి, దుమ్ము ఊది, వక్కపలుకు పక్క దవడకు నెట్టి గృహస్థుతో పలికిన వాక్యమిది.

మూలం: "ఏం కాదు సార్. సిమెంటు పాలు పోస్తే సరిపోద్ది."

ప్రతిపదార్థం:
సార్ = ఓ యజమానీ! (బిల్లు చెల్లించువాడా అని ధ్వని)
ఏం కాదు = ఏమియు కాదు; 'నాకు' అని అధ్యాహారము
సిమెంటు పాలు = సిమెంటును నీట కలుపగా నగు పలుచని ద్రవము; పాలవలె పొంగదు, ఆరినకొలది కుంచించుకొనును
పోస్తే = పోసినచో; చేదర్థకము
సరిపోద్ది = చాలును. 'సరి', 'పోద్ది' అని విడదీసినచో, సరి = సమత్వము, పోద్ది = పోవును; ఇల్లొక పక్కకు దిగునని శ్లేష.

తాత్పర్యం: పగులు గోడది కాదు, నేలది. నల్లరేగడిలోని మాంట్‌మోరిల్లోనైట్ అనే ఖనిజం వానకు నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుపోతుంది. ఇంటి నడిమధ్య కింది మట్టిలో తేమ అంతగా మారదు; అంచుల కింద మాత్రం రుతువుకో తీరు. పైగా వాస్తు పేరు చెప్పి మిద్దె మీది వాననీళ్లన్నీ ఈశాన్యం మూలనే దించారు. వానాకాలం ఆ మూలకు అజీర్తి, వేసవిలో ఉపవాసం. వేసవిలో నోరు తెరిచిన పగుల్ని గట్టి సరుకుతో నింపితే, వానలకు మూసుకోబోయి, దారిలేక పక్కన మరో నోరు తెరుస్తుంది.

విశేషాలు: (1) గ్రంథ ప్రమాణం. కాంక్రీటు కట్టడాల భారత ప్రమాణం ఐఎస్ 456: 2000, కాంక్రీటులో సాధారణంగా 0.3 మిల్లీమీటర్ల వెడల్పు వరకు పగుళ్లను సహిస్తుంది. రూపాయి బిళ్లను సహించదు.

(2) పరీక్ష. పగులుకు అడ్డంగా సన్నని గాజుముక్కను రెండంచులా అతికించి, పక్కన తేదీ రాయాలి. గాజు చిట్లితే నేల ఇంకా కదులుతోందని అర్థం. మే నెలలో అతికించిన మా గాజు జులై రెండో వానకే చిట్లింది.

(3) చికిత్సా క్రమం. ముందు మిద్దె వాననీటి పైపును ఇంటికి దూరంగా మళ్లించాలి. గోడ చుట్టూ బయటికి వాలుగా కాంక్రీటు అరుగు పోయాలి. గాజు ఏడాది పొడుగునా నిలిచాకే, పగులు వెంట నాజిల్స్ బిగించి, అడుగు నుంచి పైకి ఎపాక్సీ ఎక్కించాలి. క్రమం తప్పితే మందు మంచిదే, రోగి బతకడు.

(4) పూర్వాచార్యులు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ వారు ఇలాంటి నేలకే అండర్ రీమ్డ్ పైల్స్ రూపొందించారు: తేమ మారని లోతుకు దించి, అడుగున గుండిగలా వెడల్పు చేసిన స్తంభాలు. ఇల్లు కట్టకముందు చదవాల్సిన వ్యాఖ్య. మనం గృహప్రవేశమయ్యాక చదువుతాం.

(5) రసం. మేస్త్రికి శాంతం, గృహస్థుకు కరుణ.

పాఠాంతరం: వేసవి ప్రతుల్లో "ఏం కాదు సార్" అనీ, వానలు వెనకబట్టాక దొరికిన ప్రతుల్లో "ఏం చేస్తాం సార్, నేలే అలాంటిది" అనీ ఉంది. రెండో పాఠమే శాస్త్రసమ్మతం. అయితే అది బిల్లు చెల్లించిన తరువాతి ప్రతుల్లోనే కనబడుతోంది.