బేరం చూశాను, మెడ చూడలేదు

ఆక్సిజన్ సిలిండరు కొనేవాడు మొదట దాని మెడను చూడాలి. రంగు, బరువు, ధర ఆ తర్వాత. మెడ చుట్టూ ఇనుములో గుద్దిన అంకెలుంటాయి: సిలిండరు నంబరు, ఖాళీ బరువు, ఎంత ఒత్తిడి దాకా నింపవచ్చో ఆ లెక్క, నీటి ఒత్తిడితో పరీక్ష చేసిన తేదీ. మామూలుగా ఐదేళ్లకొకసారి ఆ పరీక్ష జరగాలి. గడువు దాటినదాన్ని నింపడం నిబంధనలకు విరుద్ధం. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన నేను ఆ అంకెల వైపు కన్నెత్తి చూడలేదు. బేరం ఒక్కటే చూశాను.

నంద్యాల, ఆళ్లగడ్డల నడుమ మా కొత్తపల్లె. చేని మూల ఉపాధి హామీ పనుల్లో తవ్వించుకున్న కుంట ఆ ఏడు వానలకు నిండింది. వెలుగోడు దిక్కున మా తోడల్లుడికి చేపల చెరువుంది. బొచ్చె, శీలావతి పిల్లలు ఎక్కువైనాయి, ఊరికే ఇస్తాను, వచ్చి పట్టుకుపొమ్మన్నాడు. చేపపిల్లల్ని అంత దూరం తేవాలంటే పాలిథిన్ సంచిలో మూడో వంతు నీళ్లు పోసి, మిగతా జాగా ఆక్సిజన్‌తో నింపి, మూతి గట్టిగా కట్టాలి. సీడు ఫారాల్లో కొంటే వాళ్లే అట్లా కట్టిస్తారు. నాకు ఊరికే వచ్చే పిల్లల మీద ఆశ. దానికోసం సిలిండరు కొన్నాను. ఇదీ నా లెక్క.

నంద్యాలలో ఒక ఇంట్లో చిన్న సిలిండరు మూలన పడి ఉందని తెలిసింది. 2021లో కరోనా రెండో అల నాడు, ఇంటి పెద్దాయన కోసం ఎవరి దగ్గరో కొన్నది. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. ఏప్రిల్ 22 నుంచి తొమ్మిది రకాల పరిశ్రమలకు తప్ప మిగతా వాటికి ఆక్సిజన్ ఇవ్వకుండా కేంద్రం ఆపేసింది. మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో సరఫరా ఒత్తిడి పడిపోయి 11 మంది పోయారని ప్రభుత్వమే చెప్పింది. అట్లాంటప్పుడు తేదీలు చూసి కొనే తీరిక ఎవరికుంటుంది? దొరికిందే దేవుడనుకుని కొన్నారు. వాళ్లను తప్పుపట్టను. నాకు మాత్రం అట్లాంటి తొందర ఏమీ లేదు. నింపాదిగా నిలబడి, తిప్పి చూసి, అరగంట బేరమాడి, మెడ చదవకుండా తెచ్చుకున్నాను.

అది పది లీటర్ల నీళ్లు పట్టే సిలిండరు. నిండుగా నింపితే లోపల ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు దాదాపు 150 కిలోలు. కారు టైరులో ఉండేది రెండు కిలోల పైచిలుకే. అంత ఒత్తిడితో కూరితే పదిహేను వందల లీటర్ల వాయువు పడుతుంది. నిమిషానికి ఐదు లీటర్ల చొప్పున రోగికి పెడితే అది ఐదు గంటల ఊపిరి. 2021లో ఇండ్లవాళ్లు పూటపూటకూ సిలిండరు భుజాన వేసుకుని ఎందుకు పరుగెత్తారో ఈ లెక్కలో ఉంది. లోపలి వాయువు ఖరీదైనదేమీ కాదు. 2020 సెప్టెంబరులో కేంద్రం సిలిండరు ఆక్సిజన్‌కు గరిష్ఠ ధర ఘనపు మీటరుకు రూ.25.71గా కట్టింది, పన్ను కాక. అంటే మా సిలిండరు నిండా పట్టేది ఆ ధరకు నలభై రూపాయల లోపు సరుకు. విలువంతా ఆ ఇనుప గోడది, అది ఇంకా తట్టుకుంటుందన్న నమ్మకానిది.

ఇంటికి తెచ్చాక వాల్వు తిరగలేదు. చాన్నాళ్లు కదపక బిగుసుకుపోయింది. కుట్టుమిషను నూనె తెచ్చి వాల్వు మొదట్లో పోశాను. నేను సిలిండరును కాళ్ల మధ్య అదిమి పట్టుకుంటే నా మనవడు పానా వేసి తిప్పాడు. తిరిగింది. లోపల ఏమీ లేదు.

మరుసటి రోజు నంద్యాలలో గ్యాసు కటింగు అంగడికి తీసుకుపోయాను. అక్కడి భాయ్ వాల్వు మీద వేలు పెట్టి, వాసన చూశాడు.

“ఏం పూసినారు సార్ దీనికి?”

“మిషను నూనె. బిగుసుకుపోయింటే...”

“ఎవరు తిప్పినారు?”

“మా మనవడు.”

ఆయన వేలు గుడ్డకు తుడుచుకున్నాడు. “దాంట్లో గ్యాసు లేదు కాబట్టి పిల్లోడు ఇంటికాడ ఉన్నాడు సార్,” అన్నాడు.

పొటాషియం పర్మాంగనేట్ వేడిచేసి, పరీక్షనాళిక మూతి దగ్గర నిప్పున్న అగరువత్తి పెట్టి, అది భగ్గున వెలగడం ఎన్ని తరగతుల పిల్లలకు చూపించానో. ఆక్సిజన్ తాను మండదు, ఇతర వస్తువులను మండిస్తుంది అని బోర్డు మీద రాసి చదివించినవాణ్ణి. అంత ఒత్తిడిలో ఆక్సిజన్ దూసుకొస్తే నూనెకు అగ్గిపుల్ల కూడా అక్కరలేదు, తనంతట తానే అంటుకుంటుంది. అదే పాఠం. అది నా చేతుల్లోకి రాలేదు. ఆ రాత్రి మనవడు పక్కన పడుకుంటే నాకు నిద్ర పట్టలేదు.

భాయ్ మెడ మీది తేదీ కూడా చదివి వినిపించాడు. 2014. నింపడం కుదరదన్నాడు. ఆ మాటతోపాటే దారీ చూపించాడు: “మాది ఒకటి తీసుకుపోండి సార్. అడ్వాన్సు పెట్టి, పని కాంగానే తెచ్చియ్యండి.” పదిహేను వందల లీటర్లతో వందకు పైగా సంచులు కట్టవచ్చు. నాకు కావలసింది కొన్ని సంచులే, అదీ ఏడాదికొకసారి. ఆ మాట విని ఉంటే అంతా అక్కడితో సర్దుకునేది. డబ్బు పోసి సొంతంగా కొని, మళ్లీ అద్దెకు తేవడమా అన్న పంతం పట్టుకుంది. వద్దని వచ్చేశాను.

ఆ పంతంతోనే ప్లాస్టిక్ డ్రమ్ముల్లో నీళ్లు పోసి, ఎండ పొద్దున ఆటోలో చేపపిల్లల్ని తెచ్చాను. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో కరిగి ఉండే ఆక్సిజన్ తగ్గుతుంది, చేపకు మాత్రం అవసరం పెరుగుతుంది. ఇదీ నాకు తెలిసిన పాఠమే. కుంట గట్టున డ్రమ్ము వంచితే తెల్లగా పొట్టలు పైకి తేలినవే ఎక్కువ. నా చేతుల్లో పోయిన ఆ చిన్న ప్రాణాలకు నేనే జవాబుదారీ.

సిలిండరును తర్వాత ఆ భాయ్ ద్వారానే పరీక్షకు పంపించాను. నిలవలేదు. అట్లాంటిదాన్ని మళ్లీ ఎవరూ వాడకుండా కోసేయాలట, కోసేశారు.

రెండో అల నాటి సిలిండరు మీ ఇంట్లోనూ మంచం కిందో, మెట్ల కిందో ఉండవచ్చు. దాన్ని పాత ఇనుము కింద అమ్మకండి, పిల్లల చేతికి ఇవ్వకండి, వాల్వు బిగుసుకుంటే నూనె పోయకండి, గ్రీజు పూయకండి. మీ దగ్గరలో గ్యాసు నింపేవాళ్లకు చూపించి, వాళ్లు పరీక్షకు పంపమంటే పంపండి.