ఇంటి నంబరుకు పుట్టినరోజు

ఎక్సెల్‌కు తెలియని తిథి లేదు. మీ ఊళ్లో ఏదో ఇంటి నంబరు 5-12 అనుకోండి. గడిలో కొట్టి ఎంటర్ నొక్కారో లేదో, అది డిసెంబరు 5 అయి కూర్చుంటుంది. 3-4-56 వైభవం ఇంకా ఎక్కువ: 1956 ఏప్రిల్ 3. కంప్యూటర్‌లో అమెరికా సెట్టింగు ఉంటే మార్చి 4. కంగారుపడి ఫార్మాట్‌ను జనరల్‌కు మార్చారా, 20548 అని కనిపిస్తుంది. ఇల్లూ పోయింది, తేదీ కూడా పోయింది. పోస్ట్‌మ్యాన్ దాన్ని ఏ వీధిలో వెతుక్కోవాలి?

నవ్వకండి, మహామహులే ఈ గడి ముందు తలవంచారు. మనిషి జన్యువుల్లో మార్చ్1, సెప్ట్1 అనే పేర్లున్నవి ఉండేవి. ఎక్సెల్ వాటిని మార్చి ఒకటి, సెప్టెంబరు ఒకటిగా దిద్దేసేది. ఎక్సెల్‌లో జన్యువుల జాబితాలు జతచేసిన పరిశోధనా పత్రాల్లో దాదాపు ఐదింట ఒకదానిలో ఇలాంటి తప్పులున్నాయని 2016లో తేలింది. ఏం చేశారు? 2020లో జన్యువుల పేర్లే మార్చారు! మార్చ్1 కాస్తా మార్చ్‌ఎఫ్1, సెప్ట్1 సెప్టిన్1 అయ్యాయి. ఈ మార్పిడిని ఆపుకునే మీట మైక్రోసాఫ్ట్ ఇచ్చేసరికి 2023 వచ్చింది. ఆ లెక్కన మన మున్సిపాలిటీలు ఇళ్లకు కొత్త నంబర్లు వేస్తే తప్పేముంది?

ఇంతకీ మందు చాలా చిన్నది. నంబర్లు కొట్టకముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చుకుంటే చాలు. కానీ అంత తీరిక ఎవరికి? ముందు ముగ్గులు పెట్టాలి కదా. మన ఆఫీసుల్లో ఎక్సెల్ అంటే గీతలు కొట్టి ఇచ్చిన రిజిస్టరు. పైన ఎనిమిది గళ్లు కలిపి బోల్డులో శీర్షిక. ఊరి పేరు పక్కన ఇరవై వరసలు మెర్జ్ అండ్ సెంటర్. తర్వాత లబ్ధిదారుల పేర్లను అక్షరక్రమంలో పెట్టబోతే షీటు మొరాయిస్తుంది, అది వేరే సంగతి. డబ్బు ముట్టినవాళ్లకు ఆకుపచ్చ, ముట్టనివాళ్లకు ఎరుపు. ఎవరికి ముట్టిందన్నది ఇంకే కాలమ్‌లోనూ ఉండదు. బ్లాక్ అండ్ వైట్ ప్రింటు తీస్తే లబ్ధిదారులంతా సమానులే.

ఆధార్ కాలమ్ సమానత్వం ఇంకో మెట్టు పైన. పన్నెండు అంకెలు 4.56E+11గా ముడుచుకుంటాయి. దాన్ని అలాగే సీఎస్‌వీగా సేవ్ చేస్తే ఆ ఫైల్లో మిగిలేది కళ్లకు కనబడేదే. అసలు అంకెలు తిరిగి రావు. పదహారంకెల ఖాతా నంబరుదైతే మరీ అన్యాయం, చివరి అంకె చడీచప్పుడు లేకుండా సున్నా అయిపోతుంది. దాన్ని చెక్‌బుక్‌తో సరిచూసే ఓపిక లబ్ధిదారుకే ఉండాలి.

ఇక మొత్తాల కాలమ్. ప్రతి గడిలోనూ శ్రద్ధగా "1,500/-" అని టైపు చేసి ఉంటుంది. ఆ గీత పడగానే అది అంకె కాదు, అక్షరం. సమ్ ఫార్ములాకు అక్షరాలతో పనిలేదు. అందుకే సీనియర్లు బల్లసొరుగులోంచి క్యాలిక్యులేటర్ తీసి, మొత్తం కూడి, ఆ జవాబును ఎక్సెల్‌లో టైపు చేస్తారు. కొత్తగా చేరిన కుర్రాడికి ఆ విద్య ఇంకా అబ్బలేదు.

"సార్, టోటల్ సున్నా వస్తోంది."

"ఏ రంగులో ఉందయ్యా?"

"ఎరుపు సార్."

"ఆకుపచ్చ చేసి పంపించెయ్."