చూద్దాం, చూసుకో

ఇంగ్లీషు క్రియ ఒంటరిగా ఉన్నంతసేపు సాధుజంతువు. తోక తగిలించారంటే ఎటు తిరుగుతుందో చెప్పలేం. 'లుక్' అంటే చూడటమని ఎల్‌కేజీ పిల్లకైనా తెలుసు. అదే 'లుక్ ఆఫ్టర్' అయితే ఆలనాపాలనా, 'లుక్ ఫర్' అయితే వెతుకులాట, 'లుక్ ఇంటూ' అయితే విచారణ. ఇలాంటి జంటలకు ఫ్రేజల్ వెర్బ్ అన్న పేరును లోగన్ పియర్సాల్ స్మిత్ 1925లో తన పుస్తకంలో వాడి ప్రచారంలోకి తెచ్చాడు.

సికింద్రాబాదులో వీటికి కరువు లేదు. ఇంగ్లీషు పటాలం విడిది పక్కన పెరిగి, 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టుకున్న ఊరాయె! స్విచ్‌ని వదిలేసి ఆఫ్‌ని ఉంచుకుని 'ఫ్యాను ఆఫ్ చెయ్' అంటాం. బండికి పికప్ లేదంటాం. కాలేజీలో పాసవుట్ అయ్యామంటే అమెరికావాడు స్పృహ తప్పిందేమోనని కంగారు పడతాడు.

నా గుమాస్తా ఉద్యోగమంతా 'లుక్ ఇంటూ' మీదే నడిచింది. ఆ ముక్క రాస్తే పై అధికారి శాంతిస్తాడు, ఫైలు కదలక్కర్లేదు. రిటైరయ్యాక దాన్నే తెలుగులో ఇంటికి తెచ్చుకున్నాను.

"ఏవండీ, వంటింట్లో కుళాయి కారుతోంది."

"చూద్దాం."

"పొయ్యి ఒకవైపు వెలగట్లేదు."

"చూద్దాం."

మా ఆవిడది 'లుక్ ఆఫ్టర్' శాఖ. పిల్లల ఫీజులు, మా అమ్మ బీపీ మాత్రలు, పాలవాడి లెక్క, అన్నిటికీ నా ఆర్డరు ఒక్కటే: "నువ్వు చూసుకో."

ఇంగ్లీషు క్రియ వెనక ఆఫ్టర్, ఇంటూ లాంటి చిన్నమాట చేరితే, మన క్రియ వెనక ఇంకో క్రియే చేరుతుంది. 'చూసిపెట్టు'లో 'పెట్టు' ఉంది కాబట్టి కష్టం ఒకరిది, లాభం ఇంకొకరిది. 'చూసుకో'లో 'కొను' ఉంది కాబట్టి భారమంతా విన్నవాళ్లదే. 'చూద్దాం' అంటే వ్యాకరణం ప్రకారం చెప్పేవాడూ వినేవాళ్లూ కలిసి చూడాలి. మా ఇంటి ఆచారం ప్రకారం ఆవిడొక్కతే చూడాలి.

'పుట్' పంపకాలూ ఇంతే. ఆఫీసులో ఫైలు పుటప్ చేసిందీ, ఇంట్లో పని 'పుట్ ఆఫ్' చేసిందీ నేనే. కూర్చుని తిని ఒళ్లు 'పుట్ ఆన్' చేసిందీ నేనే. రెండు తోకలున్న 'పుట్ అప్ విత్', అంటే భరించడం, మాత్రం పూర్తిగా ఆవిడ వాటా.

మొన్న మనవరాలు గ్రామరు పుస్తకం పట్టుకొచ్చి 'లుక్ అప్ టు'కి వాక్యం చెప్పమంది. గౌరవించడమని అర్థం చెప్పి, "ఐ లుక్ అప్ టు మై గ్రాండ్‌ఫాదర్, రాసుకో తల్లీ" అన్నాను.

వంటింట్లోంచి మా ఆవిడ గొంతు: "పెన్సిల్‌తో రాయవే!"