ఎనిమిది బాకీ, మూడు జమ

అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్‌లను తిట్టడానికి కోట్లమంది ఉన్నారు. వెనకేసుకొచ్చేవాడు కాగడా పెట్టి వెతికినా దొరకడు. ఈ వారానికి ఆ పుణ్యకార్యం నేను నెత్తికెత్తుకుంటున్నాను. నా కక్షిదారు గ్రీన్‌బే ప్యాకర్స్ ప్రధాన కోచ్ మాట్ లఫ్లూర్ గారు. ఆయన మీద అభియోగం ఇదీ: 2021 జనవరి 24న, ఫైనల్ ఆట అయిన సూపర్‌బౌల్‌కు ఒక్క మెట్టు దిగువన, సొంత మైదానం లాంబో ఫీల్డ్‌లో, ఎనిమిది పాయింట్లు వెనకబడి, గీతకు ఎనిమిది గజాల దూరంలో ఉండి, మూడు పాయింట్లతో సరిపెట్టుకున్నారు.

ఆట తెలియనివాళ్లకు రెండు ముక్కలు. పేరులో ఫుట్ ఉన్నా ఇందులో పనంతా చేతులదే. బంతి ఉన్న జట్టుకు పది గజాలు ముందుకు జరగడానికి నాలుగు ప్రయత్నాలిస్తారు. జరిగితే మళ్లీ నాలుగు. అలా చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. ఆపైన బంతిని తన్ని ఇంకొకటి, లేదా మరో ఎత్తు వేసి రెండు కొట్టుకోవచ్చు. గీత దాకా పోలేం బాబూ అనుకుంటే నాలుగో ప్రయత్నంలో బంతిని స్తంభాల మధ్యకు తన్ని మూడు పాయింట్లు పుచ్చుకోవచ్చు. దీన్ని ఫీల్డ్ గోల్ అంటారు. పుచ్చుకున్నాక బంతి మర్యాదగా ఎదుటివాళ్లకు అప్పగించాలి. ఈ చివరి వాక్యం గుర్తుంచుకోండి, నా కక్షిదారుకు ఆ పూట గుర్తులేదు.

ఆ సీజన్‌లో లీగ్ మొత్తం మీద ఎక్కువ పాయింట్లు కొట్టింది ప్యాకర్సే, 509. ప్రత్యర్థి గీతకు 20 గజాల లోపలికి చేరారంటే పదింట ఎనిమిదిసార్లు టచ్‌డౌన్ చేసే వచ్చేవాళ్లు. లీగ్‌లో ఇంకెవరికీ అంత నేర్పు లేదు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ ఆరన్ రాడ్జర్స్ ఆ ఏడాది 48 టచ్‌డౌన్ పాస్‌లు వేసి, అయిదంటే అయిదుసార్లు బంతిని ఎదుటివాళ్లకు చిక్కనిచ్చాడు. అత్యుత్తమ ఆటగాడి పురస్కారమూ ఆయనకే. అంతటివాణ్ని అంత దగ్గరికి తీసుకొచ్చి, ఇక చాలు, వెళ్లి కూర్చో నాయనా అనడానికి ఎంత గుండెధైర్యం కావాలి! దీన్ని పిరికితనం అంటోంది లోకం.

అవతలి జట్టు టాంపాబే బకనీర్స్. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ. వయసు 43, అప్పటికే గెలిచిన సూపర్‌బౌల్‌లు ఆరు. వాళ్ల కోచ్ బ్రూస్ ఏరియన్స్ గారిది వేరే మతం. నో రిస్క్ ఇట్, నో బిస్కెట్ అన్నది ఆయన నిత్యపారాయణం. మొదటి సగం ముగియడానికి కొన్ని సెకన్లుండగా ఆయన జట్టుకు నాలుగో ప్రయత్నం వచ్చింది, పోవాల్సింది నాలుగు గజాలు. బంతిని దూరంగా తన్నేయడానికి మనుషుల్ని పంపి, మళ్లీ మనసు మార్చుకుని వెనక్కి పిలిచి, బ్రేడీనే పంపాడు. బ్రేడీ ఆ నాలుగు గజాలూ సంపాదించాడు. ఇక మిగిలింది ఎనిమిది సెకన్లు, గీతకు దూరం 39 గజాలు.

ఇప్పుడు ప్యాకర్స్ డిఫెన్స్ కోచ్ మైక్ పెటిన్ ఏం చెయ్యాలి? ఎనిమిది సెకన్లలో జరగగల పెద్ద అనర్థం ఒక్కటే, లోతుగా పడే ఒక బంతి. అందరూ వెనక్కి పోయి గీత దగ్గర కాపు కాస్తే చాలు. పెటిన్ గారు అంత మామూలుగా ఆలోచించే మనిషి కారు. ఒక్కొక్కరికి ఒక్కొక్కణ్ని అప్పగించి, వెనక పెద్దగా తోడు లేకుండా వదిలేశారు. స్కాటీ మిల్లర్ అనే చిరుతకాళ్లవాడు కెవిన్ కింగ్‌ను దాటుకుని పరిగెత్తాడు. బంతి వచ్చి ఒళ్లో పడింది. గడియారంలో ఒక్క సెకను మిగిలింది. 14-10గా ఉన్నది 21-10 అయింది. ఆట అయ్యాక లఫ్లూర్ గారు, ఆ సందర్భానికి అది తగిన ఎత్తు కాదని విలేకరులకు చెప్పేశారు. కొద్దిరోజులకే పెటిన్ గారికి కాంట్రాక్టు పొడిగించడం లేదన్నారు. ఇది కూడా గుర్తుంచుకోండి.

రెండో సగం మొదట్లోనే ప్యాకర్స్ బంతి చేజారి స్కోరు 28-10కి పోయింది. ఇంకో జట్టయితే మూట కట్టుకునేది. ప్యాకర్స్ పట్టుబట్టి 28-23కు లాక్కొచ్చారు. అంతలో దేవుడు కూడా మనసు మార్చుకున్నాడు. బ్రేడీ విసిరిన బంతులు మూడు, వరసగా మూడు విడతల్లో, ప్యాకర్స్ చేతిలో పడ్డాయి. బ్రేడీ అంతటివాడు మూడుసార్లు బంతి దానం చేస్తే ప్యాకర్స్ వాటిలోంచి పిండుకున్నవి మొత్తం ఆరు పాయింట్లు, అవీ ఆ 23లో చేరినవే. తర్వాత టాంపా ఒక ఫీల్డ్ గోల్ కొట్టి 31-23 చేసింది. రాడ్జర్స్ జట్టును నడిపించుకుంటూ ఎనిమిదో గజం దాకా వచ్చాడు. మూడు బంతులు విసిరాడు, మూడూ నేలపాలు. మూడోసారి కుడివైపు ఖాళీ కనిపిస్తోంది కదా, పరిగెత్తి ఉండాల్సిందని ఈనాటికీ అనేవాళ్లున్నారు. నేనూ అంటాను. కాని ఆయన ఇంకో ప్రయత్నం మిగిలి ఉందనుకున్నాడు పాపం.

బయట కోచ్‌గారు లెక్క వేస్తున్నారు. ఆ లెక్క మనమూ వేద్దాం. బాకీ ఎనిమిది. టచ్‌డౌనూ ఆపై రెండూ వస్తే చెల్లు, ఆట సమం. ఆయన మూడు జమ చేశారు. బాకీ అయిదు. అయిదు తీర్చాలన్నా టచ్‌డౌనే కావాలి! అంటే వడ్డీ కట్టారు, అసలు అలాగే ఉంది. ఎనిమిది గజాల దూరంలో దొరకదనుకున్న టచ్‌డౌన్‌ను ఎలా సంపాదిద్దామనుకున్నారంటే, ముందు బంతి బ్రేడీకిచ్చి, ఆయన దగ్గర్నుంచి వెనక్కి రాబట్టుకుని, మైదానం ఆ చివర్నుంచి ఈ చివరకు మళ్లీ నడిచొచ్చి. మిగిలిన సమయం రెండు నిమిషాల అయిదు సెకన్లు.

నా కక్షిదారు వాదన కూడా వినాలి కదా, వినిపిస్తాను. చేతిలో మూడు టైమౌట్‌లు ఉన్నాయి. రెండు నిమిషాల దగ్గర ఆట ఎలాగూ ఒకసారి ఆగుతుంది. వెరసి గడియారం నాలుగుసార్లు ఆగుతుంది. డిఫెన్స్ అప్పుడే మూడు బంతులు లాక్కుని మంచి ఊపు మీద ఉంది. ఎనిమిది గజాలు ఒక్క ఎత్తులో పోవడం తేలికేం కాదు, పోయినా ఇంకో రెండు పాయింట్లు దొరికితేనే సమం. ఇంతవరకూ సబబే. ఒక్క చిక్కుంది. నాలుగో ప్రయత్నం విఫలమైనా బ్రేడీ బంతిని తన ఎనిమిదో గజం దగ్గర, వీపు గోడకు ఆనించి మొదలుపెట్టాల్సి వచ్చేది. ఆ టైమౌట్‌లు అప్పుడూ ఉండేవి, ఆ డిఫెన్సూ ఉండేది. ఈ సంగతి నా కక్షిదారుతో నేను ప్రస్తావించలేదు. ఫీజు ఇంకా చేతికి రాలేదు.

అయితే ఆ ఫీల్డ్ గోల్‌లో ఒక గొప్ప సౌకర్యం ఉంది, పాయింట్ల లెక్కలో అది కనబడదు. నాలుగో ప్రయత్నం ఆడించి విఫలమైతే ఆ క్షణంలో దోషి ఒక్కడే, కోచ్. బంతి తన్నించేస్తే మూడు పాయింట్లు బోర్డు మీదికెక్కుతాయి, బంతి బ్రేడీకి పోతుంది, దానితోపాటు నింద కూడా డిఫెన్స్ ఖాతాకు మారుతుంది. సరిగ్గా అలాగే జరిగింది. మూడో ప్రయత్నంలో టాంపా ఆటగాడు టైలర్ జాన్సన్ చొక్కా పట్టుకుని లాగినందుకు కెవిన్ కింగ్ మీద జెండా పడింది. టాంపాకు మళ్లీ నాలుగు ప్రయత్నాలొచ్చాయి, గడియారం కరిగిపోయింది. 31-26. రాడ్జర్స్‌కు బంతి మళ్లీ దక్కనేలేదు. ఆ నిర్ణయం నాది కాదని మాత్రం ఆట అయ్యాక చెప్పాడు. మర్నాటి నుంచి కింగ్ చొక్కా పట్టిన చేతి ఫోటోలే ఎక్కడ చూసినా. ఫీల్డ్ గోల్ తన్నించిన నోటికి ఫోటో తీయడం ఎలాగో ఎవరికీ తెలియదు.

పిలిచి పీటవేసినందుకు బ్రేడీ కృతజ్ఞత చూపించాడు. రెండు వారాల తర్వాత కాన్సాస్ సిటీని 31-9తో ఓడించి ఏడో సూపర్‌బౌల్ పట్టుకుపోయాడు, అదీ తన సొంత ఊరి మైదానంలోనే.

ఇది లఫ్లూర్ గారి సొంత తెలివి అనుకుంటే పెద్దలను అవమానించినట్టే. గ్రీన్‌బేలో ఇది వంశపారంపర్యం. 2015 జనవరి 18న సియాటిల్‌లో ఇదే స్థాయి ఆట. అప్పటి కోచ్ మైక్ మెకార్తీ. మొదటి క్వార్టర్‌లో రెండుసార్లు ప్యాకర్స్ ఒకటో గజం దగ్గరికి చేరారు. ఒక్క గజం! మనిషి నిలబడి బోర్లాపడితే రెండు గజాలు వస్తుంది. మెకార్తీ గారు రెండుసార్లూ ఫీల్డ్ గోల్ తన్నించారు. మొదటి సగానికి 16-0 ఆధిక్యం, జనం చప్పట్లు. రెండో సగంలో సియాటిల్ ఫీల్డ్ గోల్ తన్నబోతున్నట్టు నటించి, తన్నేవాడికి బంతి నిలబెట్టాల్సిన మనిషి చేతే పాస్ వేయించి టచ్‌డౌన్ కొట్టింది. ఫీల్డ్ గోల్‌కు ఇలాంటి ఉపయోగం కూడా ఉందని గ్రీన్‌బేలో ఎవరికీ తోచినట్టు లేదు.

అయిదు నిమిషాల చిల్లర మిగిలి ఉండగా ప్యాకర్స్ ఆటగాడు మోర్గన్ బర్నెట్ సియాటిల్ విసిరిన బంతిని గాల్లో పట్టాడు. ముందు బోలెడు ఖాళీ స్థలం. సహచరుడు జూలియస్ పెపర్స్ సైగ చేశాడని బుద్ధిమంతుడిలా నేలమీద కూలబడ్డాడు. స్కోరు 19-7, గెలిచేశామనే లెక్క. తర్వాత మూడు ఎత్తులూ బంతిని ఎడీ లేసీ చేతిలో పెట్టి గుంపులోకి తోశారు. ఏమీ రాలేదు, బంతి తన్నేశారు. సియాటిల్ ఒక టచ్‌డౌన్ చేసి, ఆట మళ్లీ మొదలుపెట్టే తన్నులో బంతిని కావాలనే పొట్టిగా తన్నింది. దాన్ని వెనకవాళ్లకు వదిలేసి ఎదుటివాణ్ని అడ్డుకోవాల్సిన ప్యాకర్స్ కుర్రాడు తానే పట్టుకోబోయాడు. బంతి హెల్మెట్‌కు తగిలి సియాటిల్‌కు చిక్కింది. చివరకు అదనపు సమయంలో 28-22తో ఓటమి. తెల్లారేసరికి దేశమంతటికీ దోషి ఆ కుర్రాడే. మరుసటి నెల ఉద్యోగం ఊడింది. ఒకటో గజం దగ్గర వదిలేసిన పాయింట్లను ఎవరూ లెక్క అడగలేదు. మెకార్తీ గారు ఆ పదవిలో ఇంకో నాలుగు సీజన్లు దాదాపు పూర్తి చేశారు.

అలాగని ఫీల్డ్ గోల్ తన్నకపోతే స్వర్గం దొరుకుతుందా అంటే, డెట్రాయిట్‌వాళ్లను అడగండి. 2024 జనవరి 28న శాన్‌ఫ్రాన్సిస్కో మీద డెట్రాయిట్ లయన్స్ మొదటి సగానికి 24-7తో ముందుంది. కోచ్ డాన్ క్యాంప్‌బెల్ రెండో సగంలో రెండుసార్లు మూడు పాయింట్లు వద్దని నాలుగో ప్రయత్నం ఆడించాడు, రెండూ తుస్సుమన్నాయి. ఓడింది 34-31తో, తేడా మూడే. వెంటనే, లఫ్లూర్‌ను పిరికివాడన్న ఆ నోళ్లే క్యాంప్‌బెల్‌ను మూర్ఖుడన్నాయి. అమెరికాలో మన తెలుగువాళ్లు కూడా, బౌలింగ్ మార్పుల మీద ధోనీకి సలహాలిచ్చిన అనుభవంతో, సోమవారం ఆఫీసులో ఈ తీర్పుల్లో చెయ్యి వేస్తున్నారని వినికిడి. నా మటుకు నాకు క్యాంప్‌బెల్ మీద కోపం లేదు. మొదటి ఎత్తులో బంతి వచ్చి రిసీవర్ చేతులకు తగిలి జారింది, దానికి కోచ్ ఏం చేస్తాడు? ఆ మనిషి ఏడాది పొడుగునా అలాగే ఆడించాడు, అలాగే అక్కడిదాకా వచ్చాడు. ఆయన నిజంగా చేసిన తప్పు చివరి నిమిషంలో ఉంది. గీత దగ్గర పరిగెత్తే ఎత్తు వేయించి, అది కుదరక, బంగారంలాంటి టైమౌట్ కాల్చేసుకున్నాడు. దాని గురించి తిట్టినవాళ్లు తక్కువ. అది అర్థమవాలంటే ఆట చూడాలి కదా.

మళ్లీ నా కక్షిదారు దగ్గరికొస్తాను. బంతి తన్నడం మీద అంత నమ్మకమున్న జట్టు తన్నే విభాగాన్ని కళ్లలో పెట్టుకుని చూసుకుంటుందని ఎవరైనా అనుకుంటారు. 2022 జనవరి 22, అదే లాంబో ఫీల్డ్, మంచు పడుతోంది, ప్రత్యర్థి శాన్‌ఫ్రాన్సిస్కో. మొదటి సగం చివర ప్యాకర్స్ తన్నిన ఫీల్డ్ గోల్‌ను అడ్డుకున్నారు. ప్యాకర్స్ 10-3తో ముందుండగా, అయిదు నిమిషాలు కూడా మిగలని సమయంలో, దూరంగా తన్నబోయిన బంతినీ అడ్డుకుని ఆరు గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశారు. ఆ రాత్రంతా శాన్‌ఫ్రాన్సిస్కో చేసిన టచ్‌డౌన్ అదొక్కటే. 10-10. ఆఖరి క్షణంలో శాన్‌ఫ్రాన్సిస్కో ఆటగాడు రాబీ గూల్డ్ 45 గజాల ఫీల్డ్ గోల్‌కు సిద్ధమయ్యాడు. దాన్ని అడ్డుకోవడానికి మైదానంలో ప్యాకర్స్ పదిమందే నిలబడ్డారు. నియమం ప్రకారం పదకొండుమంది ఉండవచ్చు. 13-10.

ఆ విభాగం కోచ్‌కు ఉద్యోగం పోయింది. ప్రధాన కోచ్‌గారికి ఆ ఏడాదే కాంట్రాక్టు పొడిగించారు.